జరం భూతం

“భూతం గీ గల్లీలకే ఉరికింది! పట్టుండ్రి!”

వెనక నుంచి ఒక రాయి వచ్చి వీపుకు తగిలింది. కొండల్ ఆగలేదు. ముఖానికి కట్టుకున్న భూతం తల అటూ ఇటూ ఊగుతోంది. దాని కళ్ల చిల్లుల్లోంచి గౌలిపుర గల్లీ ముక్కలు ముక్కలుగా కనిపిస్తోంది. పరుగెత్తుతూనే ఆ తలను ఊడబీకబోయాడు. మెడ వెనక ముడులు చెమటకు తడిసి బిగుసుకుపోయాయి.

వజ్రబాణం అనే జ్వరం మందు అమ్మే కంపెనీ వాళ్ల దగ్గర వేషం కట్టడం అతని పని. ఆ మందు సీసా మీద ఒక భూతం బొమ్మ ఉంటుంది. కొమ్ములు, కోరలు, వేలాడే ఎర్ర నాలుక, గుండెలో దిగిన బాణం. ఆ బొమ్మే పెద్ద పెద్ద కాగితాల మీద అచ్చేసి గోడలన్నిటికీ అంటించారు. డప్పు మోగగానే కొండల్ భూతమై గంతులు వేయాలి. మందు అమ్మే ఆనందరావు సీసా ఎత్తి చూపగానే వెల్లకిలా పడి చావాలి. షాలిబండలో జనం పడీ పడీ నవ్వారు. గౌలిపురలో ఎవరూ నవ్వలేదు. బొమ్మ గోడెక్కినప్పటి నుంచే అక్కడ ఇంటింటా జ్వరాలు మొదలయ్యాయని, ఆ పొద్దునే ఒకడు జ్వరంతో చనిపోయాడని వీళ్లిద్దరికీ తెలియదు. మొదటి గంతుకే ఎవరో కర్ర ఎత్తారు. ఆనందరావు సీసాల పెట్టె వదిలేసి ఎటో పారిపోయాడు.

ఒక ఇంటి తలుపు ఓరగా తెరిచి ఉంది. కొండల్ లోపలికి దూరి గొళ్లెం పెట్టాడు.

బర్రెలకు కుడితి కలుపుతున్న ముసలమ్మ గిరుక్కున తిరిగింది. చేతిలో కర్ర ఎత్తింది గాని అరవలేదు.

“అవ్వా, నీ కాల్మొక్త! నేను మనిషినే. నా పేరు కొండల్. జహనుమ బస్తీల ఉంట. మందు కంపెనీల వేషం కడ్త. వాళ్లు నన్ను సంపుతరు!”

తలుపు దబదబా మోగింది.

“బుచ్చమ్మా! భూతం గిట్ల నీ ఇంట్లకొచ్చిందా?”

“ఎవరవ్వా అది?” అన్నాడు కొండల్.

“బాలనర్సింహ. పొద్దున పోయింది వాని తమ్ముడే,” అంది బుచ్చమ్మ మెల్లగా. కొమ్ముల నుంచి కాళ్ల దాకా అతన్ని చూసింది.

“ఎవ్వరు రాలే!” అని బయటికి గట్టిగా చెప్పింది. “కోడలు పండుకుంది, లొల్లి చెయ్యకుండ్రి.”

అడుగుల చప్పుడు వెనక్కి మళ్లింది. గల్లీ మలుపు దాకా పోయి అక్కడే ఆగిపోయింది.

బుచ్చమ్మ ముడులు విప్పింది. భూతం తల కిందికి దిగాక లోపల మీసం సరిగా మొలవని ముఖం బయటపడింది. చెంబుతో నీళ్లిచ్చింది. కొండల్ సగం తాగి, సగం ఛాతీ మీద ఒంపుకున్నాడు.

“ఫికర్ చెయ్యకు బిడ్డా. వెనక బర్రెల కొట్టంల ఇంకో తలుపున్నది. నా కొడుకు ధోతి, అంగీ ఇస్త. మొకం కడుక్కొని గవి కట్టుకో. ఎవ్వరు గుర్తువట్టరు.”

కొండల్ ఆమె కాళ్ల మీద పడబోయాడు. బుచ్చమ్మ భుజం పట్టి లేపింది. భూతం తలను మాత్రం చేతిలోంచి వదల్లేదు.

“పోయే ముందల ఒక్క పని చెయ్యాలె. నా కోడలు రుక్మాబాయికి జరం. మీ బొమ్మ మా ఎదురుగోడకే ఉన్నది. భూతమొచ్చి మంచం కాడ కూసున్నదని ఒకటే కలవరిస్తది. మందు తాగది, గంజి తాగది. ఎట్లన్న సచ్చేదాన్నే గద అంటది. నువ్వు పోయి, నేను పోతున్న అని చెప్పు. నీ నోటితోని చెప్తె నమ్ముతది.”

“గిది మల్ల పెట్టుకోవాల్నా?”

“పెట్టుకోవాలె.”

బుచ్చమ్మే కట్టింది. ముడి మీద ముడి వేసింది.

“జర వదులు చెయ్యవ్వా, ఊపిరాడ్తలేదు.”

“ఒక్క నిమిషమే బిడ్డా.”

లోపలి గదిలో మంచం మీద రుక్మాబాయి ఎముకల గూడులా ఉంది. గడపలో కొమ్ములు కనపడగానే గోడకు అతుక్కుపోయింది. నోరు తెరిచింది గాని కేక రాలేదు. కంపెనీ వాళ్లు అతనికి అరవడం, చావడం తప్ప ఏమీ నేర్పలేదు. బయట గల్లీలో కర్రలు నేలకు తాటిస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

“అమ్మా, నేను పోతున్న,” అన్నాడు చివరికి. “గీ ఇంట్ల నాకేం పని లేదు. నువ్వు బతుకుతవు. గంజి తాగు.”

ఆమె రెప్ప వేయకుండా చూసింది. పెదవులు కదిలాయి.

“అత్తమ్మా... గంజి.”

బుచ్చమ్మ పరుగున గిన్నె తెచ్చింది. కోడలు రెండు గుక్కలు మింగింది. భూతం తలలో కొండల్ కళ్లు తడిశాయి. అతను మెల్లగా వెనక కొట్టం వైపు అడుగు వేశాడు.

మూడో గుక్క దగ్గర రుక్మాబాయి గిన్నె నెట్టేసింది. మళ్లీ వణుకు మొదలైంది.

“మల్ల వస్తడు అత్తమ్మా. రాత్రికి మల్ల వస్తడు.”

“రాడు బిడ్డా. నీ కండ్లతోని చూద్దువుగని.”

బుచ్చమ్మ గిన్నె కింద పెట్టి లేచింది. ధోతి తేవడానికేమోనని కొండల్ ఆగాడు. ఆమె అతన్ని దాటుకుని పోయి వీధి తలుపు గొళ్లెం తీసింది.

“బాలనర్సింహా! ఉరికి రాండ్రి, భూతం నా ఇంట్లనే ఉన్నది!”