ఆ ఇద్దరి ఫిర్యాదులు

వందలో ఇద్దరే వాడే రకం కంప్యూటర్‌కి కూడా తమ కంపెనీ వీడియో ఆటలు తయారుచేయడం దేనికన్న అనుమానం బావను ఏళ్లుగా తొలుస్తోంది. ఇవాళ ఆ ఆటలు తయారుచేసే బావమరిదితో తేల్చి చెప్పేశాడు.

"ఆ పని ఆపెయ్! కొనేది వందలో ఇద్దరు, ఫిర్యాదుల్లో సగం వాళ్లవే. వాళ్లను నెత్తిన పెట్టుకుని ఊరేగుతున్నావ్."

"ఒక్కటైనా చదివావా బావా?" బావమరిది కసిరాడు.

"వాళ్ల ఏడుపు నాకెందుకు?"

"వాళ్లు చూపిన నలభై తప్పుల్లో ముప్ఫై ఏడు అన్ని కంప్యూటర్లలోనూ ఉన్నవే. మిగతావాళ్లు చెప్పాపెట్టకుండా ఆట తీసేసి పోయారు. వీళ్లు కూర్చుని రాశారు."

బావ కుర్చీ లాక్కుని వాళ్ల ఫిర్యాదుల్లో అన్నిటికన్నా పాత మెయిలు తెరిచాడు. ఆట ఎక్కడ ఆగిపోతోందో ఎవరో బొమ్మ గీసి మరీ పంపారు.

"నమస్కారం. మూడేళ్లు ఆలస్యంగా జవాబిస్తున్నాను, మన్నించండి. మీరు చెప్పింది నిజమే," అని రాసి పంపాడు.