యెర్గాలి తెచ్చిన కబురు

డైరెక్టరుగారికి రావలసిన శుభవార్తను ఆయనకంటే ముందే దొంగిలించాలని ఆఫీసు గుమాస్తా యెర్గాలి నిశ్చయించుకున్నాడు.

తరాజ్ పట్టణంలో కాలువల ఆఫీసుకు ఒర్మాన్‌బెక్ డైరెక్టరు. ఆయన రాజధాని అస్తానాలో ఏదో పెద్ద పదవికి అర్జీ పెట్టుకున్నాడని ఆఫీసంతా గుసగుసలు. కజక్‌ల ఆచారం ప్రకారం, మంచి కబురు అందరికంటే ముందు తెచ్చి "సుయిన్షీ!" అని కేకేసినవాడికి, విన్నవాడు ఏదో ఒకటి ఇచ్చి తీరాలి. ఎంతటివాడైనా తప్పించుకోలేడు. కొడుకు పుట్టాడని చెబితేనే గొర్రెపిల్లను ఇస్తారే, పదవి వచ్చిందని చెబితే ఏమివ్వాలి? కొనుగోళ్ల విభాగం అధిపతి కుర్చీ ఖాళీగా ఉంది. దాన్ని తలుచుకుంటేనే యెర్గాలికి నోరూరేది.

అడ్డల్లా సెక్రటరీ బల్ఝాన్. డైరెక్టరుగారు మౌస్ కదపాలన్నా ఆమెనే పిలుస్తాడు. కబురు ఆమె కంటబడితే కుర్చీ ఆమెదే.

అందుకని యెర్గాలి ఏజెంట్‌ను పట్టుకున్నాడు. అది మనిషి కాదు, ఆఫీసువాళ్లు కొత్తగా పెట్టించిన ప్రోగ్రాం. అందరి కంప్యూటర్లలోనూ బ్రౌజర్లు తెరుస్తుంది, వాటి స్టోరేజ్‌లో పేరుకున్న చెత్త ఊడుస్తుంది, ఉంచమన్నది ఉంచుతుంది, రాయమన్నది రాస్తుంది. ఎవరు చెప్పినా చేస్తుంది, ఎందుకని అడగదు. సర్కారు ఆఫీసుకు ఇంతకంటే తగిన ఉద్యోగి దొరకడు.

"ఉద్యోగాల వెబ్‌సైటు తన జవాబును డైరెక్టరుగారి బ్రౌజర్ స్టోరేజ్‌లో దాస్తుంది. అక్కడ ఏం మారినా వెంటనే నాకు చెప్పు" అని టైపు చేశాడు.

"అలాగేనండీ" అంది ఏజెంట్.

సోమవారం పొద్దున యెర్గాలి టీ ఊదుకుంటుండగా తెర మీద వాక్యం మెరిసింది: "మారిందండీ. మీరు ఎంపికయ్యారు, వెంటనే వచ్చి చేరండి అని ఉంది."

కప్పు వదిలేసి పరుగెత్తాడు. వరండాలో బల్ఝాన్ ట్రేతో ఎదురైంది.

"ఏం తమ్ముడూ, గుర్రం గాని తప్పించుకుందా?"

"తప్పుకో అక్కా, నీకు దణ్ణం పెడతా!"

డైరెక్టరుగారి గదిలోకి ఒక్క దూకు దూకాడు. "సుయిన్షీ అగా, అన్నగారూ, సుయిన్షీ! అస్తానా మీదే! ఎంపికయ్యారు!"

ఒర్మాన్‌బెక్ కళ్లు చెమర్చాయి. లేచి వచ్చి యెర్గాలి నుదుటి మీద ముద్దు పెట్టుకున్నాడు. "నా నాయనే! ఏం కావాలో అడగరా."

"మీ దయ అగా. ఆ కొనుగోళ్ల కుర్చీ..."

"ఛ, ఇంత పెద్ద కబురు తెచ్చి అంత చిన్నది అడుగుతావేంట్రా? నేనెలాగూ వెళ్లిపోతున్నా. ఇదిగో, నా కుర్చీయే తీసుకో!"

తన కుట్టుపని కోటు తీసి యెర్గాలి భుజాల మీద కప్పాడు. ఆఫీసు గుండ్రముద్ర చేతిలో పెట్టాడు. తాత్కాలిక డైరెక్టరుగా వేస్తూ అక్కడికక్కడే ఉత్తర్వు రాశాడు.

"ఇక్కడో సంతకం గీకు. గిడ్డంగిలో సామానంతా సరిగ్గా ముట్టిందని. మామూలేలే."

యెర్గాలి చదవకుండానే గీకేశాడు. ఒర్మాన్‌బెక్ సర్దిన పెట్టె పట్టుకుని కిందికి దిగాడు. కారు అప్పటికే గుమ్మంలో ఉంది. పెద్దవాళ్ల పనులు ఎంత చకచకా సాగుతాయో అని యెర్గాలి ముచ్చటపడ్డాడు.

"టీలో పాలు కాస్త ఎక్కువ పొయ్యి" అన్నాడు కుర్చీలో గిర్రున తిరుగుతూ.

"చిత్తమండీ" అంది బల్ఝాన్, మొహం మాడ్చుకుని.

ఆ టీ చల్లారకముందే రాజధాని నుంచి ఇద్దరు తనిఖీ అధికారులు వచ్చారు.

"డైరెక్టరు ఎవరు?"

"నేనే!" ఆ మాట అనడంలో ఉన్న సుఖం యెర్గాలికి అప్పుడే మొదటిసారి తెలిసింది.

"సర్కారు డబ్బుతో కొన్న కొత్త పంపులు చూపించండి."

గిడ్డంగి తలుపులు తీశారు. పావురాలు తప్ప లోపల ఏమీ లేవు.

"పంపులన్నీ ముట్టాయని ఈ కాగితం మీద పొద్దున సంతకం పెట్టింది మీరేగా?"

"నేనే... కానీ నాకేం తెలీదు సార్! ఒర్మాన్‌బెక్ గారిని అడగండి. అస్తానాలో పెద్ద పదవిలో చేరడానికి వెళ్లారు."

"ఏ పదవయ్యా? ఆయన అసలు అర్జీయే పెట్టలేదు!"

"పెట్టారు సార్! జవాబు నా కళ్లతో చూశాను, మీకూ చూపిస్తా!" యెర్గాలి కంప్యూటరు దగ్గరికి ఉరికాడు. "పొద్దున వెబ్‌సైటు పంపిన జవాబు మళ్లీ చూపించు" అని టైపు చేశాడు.

ఏజెంట్ ఎప్పటిలాగే వినయంగా జవాబిచ్చింది: "అది వెబ్‌సైటు పంపింది కాదండీ, డైరెక్టరుగారు నాతో రాయించింది, తన బ్రౌజర్‌లోకి ఎవరు తొంగిచూస్తున్నారని అడిగారు, మీ పేరు చెప్పాను, అప్పుడు రాయించారు."