తోటకూర సమ్మె

సారు తినేదాకా తానూ తిననని రాధిక పళ్లెం పక్కకు జరిపేసింది. ఆమెను చూసి ఏడో తరగతి మొత్తం జరిపేసింది. తోటకూర పప్పు పళ్లేల్లో చల్లారిపోతోంది.

పప్పులో ఆకు కనబడితే ఏరి అంచున పెట్టే పిల్లలు వీళ్లు. ఆదోని నుంచి రోజూ బస్సులో వచ్చే సేతుమాధవరావు సారు, జూన్‌లో ఎమ్మిగనూరు పక్కనున్న ఈ పల్లె బడికి బదిలీ మీద వచ్చి, బోరు దగ్గర మడులు కట్టించి విత్తనాలు చల్లించాడు. తాము నీళ్లు పోసి పెంచిన ఆకు గనక ఈ మధ్య రెండోసారి వడ్డించమని కొట్లాడుకుంటున్నారు. మొదటి నెలంతా వాళ్ల పక్కనే కూర్చుని తిన్న సారు మాత్రం, సరిగ్గా కోత మొదలైన వారం నుంచి ఇంటి డబ్బా తెచ్చుకుని గదిలో తింటున్నాడు. పిల్లలు గమనించరనుకున్నాడేమో పాపం.

గొడవ విని సారు బయటికొచ్చాడు. వంట చేసే మారెమ్మ తన కూతురు రాధిక వీపు మీద ఒకటి వేసింది. "నోరు మూసుకోని తినే. సారోళ్ల తిండి ఏరే."

"నెల దినాలు నీ వంట తిన్న్యాడు కదమ్మా." రాధిక సారు వైపు తిరిగింది. "మేము పెంచింది పనికిరాదా సార్? మా చేతులు పడినాయనా?"

అసలు కారణం చెప్పినా ఆ పిల్ల సాకు కిందే జమకడుతుందని సారుకు తెలుసు.

పళ్లెం తెచ్చుకుని ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. మారెమ్మ గరిటె పట్టుకుని తటపటాయిస్తే, వడ్డించమన్నాడు. చివరి మెతుకు దాకా తిని, ఇంకోసారి పెట్టించుకున్నాడు. అప్పుడుగానీ రాధిక తన పళ్లెం దగ్గరికి లాక్కోలేదు. గెలిచిన పొగరుతో ఆబగా తింది. తినాల్సిందే మరి.

సాయంత్రం ఇంట్లో, తెరవని డబ్బా చూసి భార్య ఇందిరాబాయి ఏమైందని అడిగింది. తోటకూర పప్పు తిన్నానని, రేపటి నుంచి డబ్బా వద్దని చెప్పాడు. ఆమె కంగారుగా దేవుడి గది వైపు చూసింది.

"ఆ పిల్ల ముందర తలదించుకునే కన్నా, దేవుడి ముందర లెంపలేసుకునేది మేలు," అన్నాడాయన.

ఏటా నెలపాటు ఆకూ కూరా ముట్టని ఆ శాకవ్రతం ఆయన ముప్పై ఏళ్లలో ఆ రోజు దాకా ఒక్కసారీ తప్పలేదు.