ట్యాంకు మీద మీటింగు

బస్తీలో నీళ్లెలా ఉన్నాయో తేల్చడానికి పక్షులు వాటర్ ట్యాంకు మీద మీటింగు పెట్టుకున్నాయి. ట్యాంకులో ముక్కు ముంచి, "అమృతమే!" అని తీర్మానం రాసేసింది పెద్ద పావురం.

కింద కుళాయి గుంట దగ్గర చుక్కలకోడికి కడుపు మండిపోయింది. ఆ గుంటనీళ్లు తాగే మొన్న దాని పిల్లలు రెండు చచ్చిపోయాయి.

"మమ్మల్నెవరూ అడగరేం?" అని అరిచింది.

"పిలిచాంగా, నువ్వే పైకి రాలేదు," అంది పావురం.

"అంత ఎత్తుకి నేనెగరగలనా? కిందికొచ్చి చదవండి, వింటాం."

పావురం దిగొచ్చి, మండుటెండలో తీర్మానమంతా చదివేసరికి దాని గొంతు ఎండిపోయింది. కోడి గుంట చూపించి, "తాగండి బాబూ, అమృతమేగా," అంది.

పావురం గుంటలోకి చాలాసేపు చూసింది. ముక్కు మాత్రం ముంచలేదు. చివరికి రాసిందంతా కొట్టేసి, కోడి పక్కనే చతికిలబడి, "నువ్వు చెప్పమ్మా, రాసుకుంటాను," అంది.