చెరిపేసిన పోస్టు

కాంట్రాక్టర్ లోపలికొస్తూనే తలుపు గడియ పెట్టాడు.

“ఆ బ్లాగులో రాసింది ఇప్పుడే తీసెయ్యాలి వదినగారూ.”

ఆవిడ అతని భార్యకి సొంత అక్క. ఏళ్ళ తరబడి బ్లాగు రాస్తోంది. ఒకప్పుడు పోస్టు పెడితే చాలు, కింద కామెంట్లు బారులు తీరేవి. ఇప్పుడా గుమ్మం తొక్కేవాళ్ళే లేరు. కానీ ఇతను కట్టిన కొత్త బడి పేరు కొట్టి వెతికితే మొదట తగిలేది ఆవిడ రాతే. రేపు ఇంజనీరు వచ్చి, బడి చూసి సంతకం పెట్టాలి. ఈలోగా ఆయన కంట్లో అది పడిందా, ఇతని పని గోవిందా.

ఆవిడ గంజిచీర కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని ఉంది.

“ఎక్కడికైనా బయల్దేరారా?”

“లేదు. నలుగురూ వచ్చే టైము.”

“అయితే వాళ్ళొచ్చేలోపు తేలిపోవాలి.”

“కూర్చోండి మరిదిగారూ.”

కిటికీకి ఎదురుగా కుర్చీ చూపించింది. కిటికీలో ఒక పూలకుండీ, దానికి ఆనించి చార్జింగులో ఉన్న ఫోను. ఎండ సూటిగా మొహమ్మీద కొడుతోంది. అయినా కూర్చున్నాడు.

జేబులో ఫోను మోగింది. భార్య. కట్ చేశాడు.

ఆవిడ కంప్యూటర్లో పోస్టు తెరిచింది. “ఇందులో మీకు గుచ్చుకున్నదేది?”

“వెనక గోడ సంగతి.”

“సిమెంటు తగ్గించారని రాశాను. తగ్గించలేదా?”

“తగ్గించాను. ఎవరు తగ్గించరు? మీ చెల్లెలి మెళ్ళో గొలుసు ఊరికే వచ్చిందనుకున్నారా?”

“గోడ బీటలు వారింది కదండీ.”

“పైన పూత వేయించాగా. రేపొక్కరోజు గడిస్తే చాలు.”

“సోమవారం నుంచి పిల్లలు ఆ గోడ కిందే కూర్చుంటారు.”

ఫోను మళ్ళీ మోగింది. మళ్ళీ కట్ చేశాడు.

“మీ చాదస్తం గానీ వదినగారూ, ఈ రోజుల్లో బ్లాగులు చదివేదెవరు? జనానికి అంత ఓపికెక్కడిది? అంతా వీడియోలే.”

“నిజమే. మీ అమ్మాయిదీ అదే పోరు. ఇంకా ఆ రాతలేంటి పెద్దమ్మా అని.”

“నా కూతురికున్నపాటి తెలివి మీకు లేకపోయింది.”

ఆవిడ మౌసు అతని వైపు జరిపింది.

“మీరే నొక్కండి. నా రాత నా చేత్తో చెరపలేను.”

ఆలస్యం చేస్తే మనసు మార్చుకుంటుందేమోనని గబుక్కున నొక్కాడు. పోస్టు పోయింది. గుండెల మీంచి బండ దింపినట్టయింది.

ఫోను మోగింది. ఈసారి కాలు మీద కాలేసుకుని తాపీగా ఎత్తాడు.

“ఎన్నిసార్లు చేసినా ఎత్తరేంటండీ, మీరు ఆ కుర్చీలో కూర్చున్న దగ్గర్నుంచీ అక్క ఫోన్లోంచి లైవ్ వీడియో వస్తోంది, రేపు రావాల్సిన ఇంజనీరు గారు కూడా కింద కామెంటు పెట్టారు.”