ఫొటో కింద పేరు

ముందే ఒప్పుకుంటున్నాను: పేపర్లో ఫొటో కింద చిన్న అక్షరాల్లో ఉండే పేరు నేనెప్పుడూ చదివేదాన్ని కాదు. ఈ గొడవ తెలిశాకే మొదలుపెట్టాను.

"అది నా ఫొటో!" అంటూ టీవీ కెమెరామన్ పత్రికాఫీసులోకి దూసుకొచ్చాడు. సాక్ష్యానికి చానల్ వ్యాన్ డ్రైవర్ని కూడా వెంటబెట్టుకొచ్చాడు.

మంటలంటుకున్న మేడ మీంచి ఫైర్‌మన్ ఒక ముసలావిడని ఎత్తుకుని నిచ్చెన దిగుతున్నాడు. పైపు నీళ్లకి అతని తల తడవకుండా ఆవిడ గొడుగు పట్టింది. అదీ ఫొటో. ఉత్తమ ఫొటో అవార్డుకి ఆ సాయంత్రం ఐదింటిలోగా పంపాలి. ఫారంలో పత్రిక ఫొటోగ్రాఫర్ పేరుంది. అక్కడే కూర్చునున్న అతను కెమెరామన్‌కి స్వయానా బావమరిది.

"మా లైవ్‌లోంచి కొట్టేశావు కదరా!"

"నోటికొచ్చినట్టు అనకు బావా. ఎదురు డాబా ఎక్కి తీశాను. ఇంకా మోకాళ్లు నొప్పి."

"ఆదివారమని కూడా చూడకుండా భుజాన కెమెరా మోసింది నేను. నాకెక్కడా కనపడలేదే?"

"నీకు మా అక్కే కనపడదు, నేనేం కనపడతాను!"

ఎడిటరమ్మ డ్రైవర్ వైపు తిరిగింది. "మీరు చెప్పండి. ఆ లైవ్ తీసిందెవరు?"

"తీసేటప్పుడు నేనక్కడే ఉన్నానమ్మా," అన్నాడు డ్రైవర్, నేల చూపులు చూస్తూ.

"విన్నారా!" కెమెరామన్ మీసం దువ్వుకున్నాడు.

ఆవిడ ఒరిజినల్ ఫైలు తెరిచి, పెద్దది చేసి, నల్లటి పొగ ఉన్నచోట వెలుతురు పెంచింది. పొగలోంచి మెల్లగా ఒక సోఫా బయటపడింది. టీవీ అద్దంలో పడ్డ ప్రతిబింబం! సోఫాలో బనీనుతో ఫొటోగ్రాఫర్, కంటికి కెమెరా.

"మీ డాబా మెత్తగానే ఉన్నట్టుందే," అందావిడ.

కెమెరామన్ చప్పట్లు కొట్టాడు. "చూశారా దొంగని!"

"ఉండండి." ఆవిడ ఇంకాస్త వెలుతురు పెంచింది. ఫొటోగ్రాఫర్ పక్కనే, టీపాయ్ మీదకి కాళ్లు బారజాపుకుని, ఒళ్లో చిప్స్ పాకెట్‌తో కెమెరామన్.

చప్పట్లు ఆగిపోయాయి.

"లైవ్ నడుస్తుంటే మీరిద్దరూ సోఫాలో ఉన్నారు. మరి అక్కడ కెమెరా పట్టుకుందెవరు?"

డ్రైవర్ గొంతు సవరించుకున్నాడు. "అదే కదమ్మా చెప్పాను, నేనక్కడే ఉన్నానని."

మీ ఇంట్లో గోడ మీదున్న ఫొటో ఎవరు తీశారో మీకు తెలుసా? తెలిస్తే, వాళ్ల పేరుతో సహా నాకు రాయండి.