అన్నిటికీ అవును

"నయనా, మిషిని ఆగినట్టున్నది గదా! సప్పుడు లేదు," తలుపు అవతల నుంచి అత్తగారు మనోరమ గొంతు.

"ఇంక కాలేదత్తమ్మా. మళ్ళ మొదలుపెట్టాలె," ల్యాప్‌టాప్ ముందు కూర్చునే అంది నయన.

"అయ్యో, మళ్ళనా?" మనోరమ కదలలేదు. "సూరారం నుంచి మనుషులొచ్చిండ్రు. చాయ్ అంటే నేను పెట్టిచ్చిన. పగటికి అన్నం గూడ ఈడనే అంటుండు మీ మామ. వంటామె సూడబోతే ఊరికి పాయె."

కాసేపటికి చెప్పుల చప్పుడు వంటింటి వైపు వెళ్లింది.

మామగారు జనార్ధన్ ఒకప్పటి సర్పంచి. వాళ్ల ఊరు బౌరంపేట ఇప్పుడు మున్సిపాలిటీలో కలిసినా ఆయన ఇంటికొచ్చే జనం తగ్గలేదు. పొద్దున్నే వాకిలి నిండా చెప్పులు. వీళ్లు కాక, భర్త అన్వేష్ ప్లాట్లు చూపించడానికి తీసుకొచ్చేవాళ్లు. అందరికీ చాయ్, సగం మందికి భోజనం. ఆదివారమనో పండగనో ఆఫీసు లేని రోజు వస్తే, నయనకు పొయ్యి దగ్గరే తెల్లారుతుంది, పొయ్యి దగ్గరే పొద్దుగుంకుతుంది. నడుము నొప్పి అని ఒకసారి చెప్పి చూసింది. ఎవరో మంచి తైలం పేరు చెప్పారు.

ఈ పూట ఎవరూ తలుపు తీయకుండా ఉంటే చాలు.

ఆమె శామీర్‌పేటలో ఒక కంపెనీలో ఇంజనీరు. ఎక్కువ రోజులు ఇంటి నుంచే పని. టీకాలు దాచే ఫ్రిజ్‌లలో చలి సరిగా ఉందో లేదో చూసే చిన్న పెట్టెను ఆ కంపెనీ తయారుచేస్తుంది. అది ఉన్నట్టుండి బిగుసుకుపోతుందనీ, దానికి కారణం వెతికే పని నయన మీద పడిందనీ ఇంట్లో అందరికీ తెలుసు. దాని కెర్నెల్‌ను, అంటే పెట్టె లోపల అన్నిటికన్నా అడుగున ఉండి మిగతావాటిని నడిపించే ప్రోగ్రామును, తప్పులు పట్టే ఏర్పాట్లతో మళ్ళీ తయారుచేయాలట. అది తయారయ్యేదాకా దగ్గర కూర్చోవాలట.

తెర మీద ప్రశ్నలు వరసగా ఉన్నాయి. ఒక్కోదానికి అవునో కాదో చెప్పాలి.

మెమరీ ఎక్కడైనా కారిపోతోందేమో చూడాలా? అవును.

రెండు పనులు ఒకదాని తాళం కోసం ఒకటి ఎదురుచూస్తూ అలాగే నిలిచిపోతే పట్టుకోవాలా? అవును.

ఏ పనైనా కాసేపు కదలకుండా పడి ఉంటే కేకేయాలా?

నయనకు నవ్వొచ్చింది. ఈ ఇంట్లో ఆ ఏర్పాటు తను కాపురానికి వచ్చినప్పటి నుంచే ఉంది. అవును.

తప్పు దొరికితే ఉన్నపళాన ఆగిపోవాలా, గుర్తుపెట్టుకుని సాగిపోవాలా?

అక్కడ వేలు కొంచెం ఆగింది. ఇన్నేళ్లుగా తను చేస్తున్నది రెండోది. ఆగిపోవాలి, అని పెట్టింది.

ఇవన్నీ కలిపి ఒకేసారి ఎవరూ పెట్టరు. అనుమానం ఉన్నచోటే పెడతారు. ఒక్కొక్కటి చేర్చినకొద్దీ తయారీకి పట్టే సేపు పెరుగుతుంది. ఆ సంగతి నయనకు తెలియనిది కాదు. మిగిలినవాటికీ అవుననే చెప్పి, పని మొదలుపెట్టింది.

ల్యాప్‌టాప్ ఫ్యాను రయ్యిమంది.

"ఆఁ, మోగుతాంది," అంది బయట మనోరమ, కుదుటపడ్డట్టు.

"కోడలు పిల్ల కనవడ్తలేదేంది చెల్లె?" హాల్లోంచి ఎల్లయ్య అనే పెద్దాయన అడుగుతున్నాడు.

"మిషిని మీదున్నది. అరిసెల పాకం లెక్క అన్నా అది. నడుమ లేస్తే ఖరాబైతదట."

ఆ పోలిక అత్తగారు సొంతంగా కట్టుకున్నది. నయన కాదనలేదు.

అంతలో తలుపు తెరుచుకుంది. అన్వేష్.

"ఏంది నయనా, ఇంక దొర్కలేదా? మొకం సూడు, ఎట్ల పీక్కపోయిందో. మీ మేనేజర్ నంబరియ్యి, నేను మాట్లాడుత. ఒక్క మనిషి మీద గింత పనేస్తరా?"

నయన ఉలిక్కిపడింది. "వద్దు! నువ్వు ఫోన్ జెయ్యకు. నా పని నేను జూసుకుంట."

"సరే, నీ ఇష్టం. గానీ అమ్మ ఒక్కతే ఆగమైతాంది. జర లేసి కూరొక్కటి ఏసి రారాదూ. జల్దీనే అయిపోతది."

"లేస్తే మళ్ళ మొదటికొస్తది."

"గట్లెట్లొస్తది? అది మోగుతనే ఉన్నది గదా!"

నయన కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. లేవడానికి కాళ్లు సిద్ధమయ్యాయి కూడా.

"అరే అన్వేష్!" వంటింట్లోంచి కేక. "పాకం కాడికెల్లి మనిషిని లేపుతార్రా ఎవరన్న? అంత సోకైతే నువ్వొచ్చి ఉల్లిగడ్డ కొయ్యి!"

"నేనా?"

"మరి మీ నాయిన కోస్తడా?"

హాల్లో ఎవరో పక్కున నవ్వారు. అన్వేష్ తల గోక్కుంటూ వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గరగా వేశాడు.

నయన లేచి గడియ పెట్టింది. కిటికీ పరదా లాగింది. తెర మీద అక్షరాల వరసలు పైకి పాకుతున్నాయి. వాటివైపు చూడలేదు. కింద చాప పరిచి, దిండు వేసుకుని, చున్నీ కళ్ల మీదికి లాక్కుని పడుకుంది. నడుము నేలకు ఆనగానే నోట్లోంచి చిన్న మూలుగు వచ్చింది.

పెట్టె బిగుసుకుపోవడానికి కారణం పోయిన వారమే దొరికింది, సరైపోయింది కూడా. సోమవారం నుంచి నయన సెలవులో ఉంది.